మెడ తిరిగే ఓడ

మా భిక్షమయ్య చిన్నాయినకు మెడ తిరగదు.
ఎవలన్న ఎనుక నుంచి పిలిస్తే
మనిషి మనిషంతా మలుగుతడు,
ఇరుకు సందుల ఎర్రబస్సు మలిగినట్టు.

గసొంటాయిన ఐతారం ఐతారం
చండూరుల నా జిరాక్సు షాపుకొచ్చి
కుర్చీల నిటారుగ కూసోని
అంతరిక్షం ఓడలు కడ్తడు,
పోరగాండ్లు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతోని.

ఇటుకలు పాత సామాన్ల కొట్ల కిలో లెక్కన తెస్తం.
ఒక్క రంగుది ఒక్క సంచి ఎన్నడు దొరకదు.
కొన్నిటి మీద ఎవలియో పాలపండ్ల గాట్లుంటయ్.
గవి ఏరి ఏరి ఓడ ముక్కు కాడ పెడ్తడు,
"తోవల రాళ్లు తాకినయ్" అంటడు.

పైన ఉండే గుండ్రటి మొటికకు
బుడిపె అని మేమే పేరు పెట్టుకున్నం.
రెండు బుడిపెలది, నాలుగు బుడిపెలది, ఎనిమిదిది,
పత్తి ఇత్తనాల డబ్బాలల్ల ఏరుకున్నం.
మూత తీస్తే ఇంకా మందు వాసనే.

దేవరకొండ డిపోల టైర్లు మార్చే గౌస్
చంద్రుని మీద తిరిగే బండ్లే కడ్తడు, అన్ని ఆరు చక్రాలయే.
నాంపల్లి స్వరూప టీచర్ ఓడల
వంటర్ర ఉంటది, దండెం ఉంటది,
దండెం మీద బియ్యపు గింజంత తువ్వాల.
ఇంటర్ సదివే సైదులు ప్రతిదానికి రెక్కలు పెడ్తడు.
"గాలే లేని కాడ రెక్కలెందుకుర?"
"సూడ మంచిగుంటయ్ గదా సార్."
గా మాటకు ఇప్పటిదాక ఎవల కాడ జవాబు లేదు.

ఒక్కటే కట్టుబాటు:
గమ్ము పెట్టొద్దు. పెట్టినది ఊడి రావాలె.
చిన్నాయిన పెట్టిందే గది.
"అతుక్కపోతే ఎట్లుంటదో నన్నడుగుర్రి"
ఒక్కసారే అన్నడు. మల్ల ఎత్తలే.
మర్రిగూడ బోరింగు నీళ్లు తాగి
పెరిగిన ఎన్నుపూస ఆయనది.

ఈసారి ఓడ పేరు దుందుభి.
మన డిండి వాగుకు పాతపేరు.
వాగుల నీళ్లున్నా లేకున్నా
పేరుల మోతుంది, సాలు అన్నడు.
రెండు వేల మూడొందల పన్నెండు ఇటుకలు.
ఎనిమిది నెలలు.
అండ్ల ఆరు వారాలు ఒక్క జాయింటుకే పోయినయ్:
నడిపేటోడు కూసునే అద్దాల గది
చుట్టు తిరగాలె, ఎనక్కి సుత సూడాలె.
పగిలిన బొమ్మ జేసీబీల దొరికిన పండ్ల చక్రం
ఆఖరికి కుదిరింది.

టిక్కుమన్నది.
తిరిగింది.
చిన్నాయిన చిటికెన వేలితోని నెట్టిండు,
మల్ల నెట్టిండు,
మల్లా.
గౌస్ చాయ తెస్తనని బయటికి పోయిండు.
నేను అక్కర లేకున్నా
ఎవరిదో ఆధార్ కార్డు నాలుగు కాపీలు తీసిన.

ఓ దినం సైదులు ఫోన్ పట్టుకోని ఉరికొచ్చిండు,
అంగారకుని మీద మంచు ఉన్నదంట, నీళ్లేనంట!
స్వరూప టీచర్ చప్పట్లు కొట్టింది.
చిన్నాయిన తల ఎత్తలే, ఎత్తరాదు గద,
ఓడనే పైకి లేపి సూసుకుంట అడిగిండు:
"గా నీళ్లల్ల ఫ్లోరిన్ ఎంతున్నదో
టెస్టు చేసిర్రా?"

గందుకే దుందుభి కడుపుల
పడకల కంటె ముందు నీళ్ల ల్యాబు వచ్చింది.
మూడు సీసాలు, ఒక నీలం గాజు బుడిపె,
తెల్లకోటు బొమ్మ ఒకటి.
దానికి ఒక చెయ్యి లేదు.
"ఒక్క చేతితోని పట్టి సూడొచ్చు తియ్" అన్నడు గౌస్.

మొన్న సోమారం కొత్త ఓడకని
దుందుభిని ఇప్పేసినం. గంటన్నర పట్టింది.
డబ్బాలు నింపినం, లెక్క పెట్టినం.
రెండు వేల మూడొందల పదకొండే ఉన్నయ్.
రాత్రి షాపు ఊడుస్తుంటే
కాగితాల ట్రే కింద దొరికింది
గా నీలం బుడిపె.

ఫోన్ చేసిన.
అవుతల శాన సేపు దగ్గు,
మంచం కిర్రుమన్న సప్పుడు.
"ఉండనియ్ బిడ్డా ఆడ్నే.
పోయేటప్పుడు ఆగి తీసుకుంటం."